పాయింటు నంబరు పదిహేడు

కణేకల్లు దాటి బొమ్మనహాళ్ రోడ్డు మీద
బండి ఆపి, కంప తొక్కుకుంటూ నడిస్తే
హగరి ఒడ్డున పదిహేడో చుక్క.
ఆకాశం నుంచి తీసిన బొమ్మ నిజమో కాదో
నేల మీద నిలబడి సరిచూడటం నా పని.
చుక్కకు నూట పది రూపాయలు. పెట్రోలు నాదే.

ఫోనులో రంగుల పట్టిక:
పచ్చ అయితే సాగు, లేతపచ్చ అయితే తుప్పలు,
ఊదా బండనేల, బూడిద ఊరు,
పసుపు ఇసుక.
ఇరవై రెండు రంగుల్లో జిల్లా అంతా సర్దుకోవాలి,
పెళ్లివాళ్లందరూ ఒకే ఆటోలో సర్దుకున్నట్టు.

బొమ్మ పాతది. ఇక్కడ పచ్చ అంటోంది.
నా కాళ్లు చీలమండ దాకా ఇసుకలో ఉన్నాయి.

గొర్రెలు తోలుకుంటూ కెంచమ్మ వచ్చింది.
"ఏం ఎతుకుతాండావప్పా, ముక్కుపుడక పారేసుకున్న దాని మాదిరి?"
పట్టిక చూపించాను.
చదువు రాదు, రంగులు వచ్చు.
వేలితో పైనుంచి కిందికి తోసి చూసి
"ఇన్నేనా?" అంది.

ఆమె లెక్క వేరు.
గిట్టలు అరిగేది ఎర్రగరుసు.
గొర్రె నిలబడి నాకేది చౌడు.
రేగడి మంచిదే గానీ, వాన పడితే పిల్లలను చంకనెత్తుకుని దాటించాలి.
వంక పారే నేల ఒకటి,
వంక పారుతుందని మనం అనుకునే నేల ఇంకొకటి.
మామ తాగి వేలిముద్ర వేసిచ్చిన నేల,
అది కూడా ఒక రకమే, అందులోకి మంద పోకూడదు.
ఇసుకలో రెండు జాతులు:
మేక ఇసుక నిలవదు, ఎగిరి ఎక్కడికో పోతుంది.
గొర్రె ఇసుక ఒకదాని వెనక ఒకటి వచ్చి
అన్నీ ఒకేచోట కూలబడతాయి.

"మరి ఇది?" అని కాళ్ల కిందికి చూపించాను.

"ఇది నేల కాదప్పా, దుప్పటి.
అడుగున మా ఆరెకరాల చేను పండుకోనుండాది.
గిలక బాయి గూడా.
తాడు తీసుకుందామని మళ్లా రోజు వస్తే
గిలకే కనపల్లేదు."

పైనుంచి చూసేవాళ్ల పట్టికలో
అడుగున ఉన్నదానికి రంగు ఉండదు.
రిమార్కుల గడిలో ఇరవై అక్షరాలే పడతాయి,
గుణింతాలను కూడా ఫోను విడిగా లెక్కపెడుతుంది.
'ఇసుక కింద చేను బాయి'
పంతొమ్మిది.
ఒక్క చోటు మిగిలింది. తాడు పట్టలేదు.

రాత్రి అనంతపురం నుంచి ముంతాజ్ మేడం ఫోను:
"పదిహేడులో అదేం కవిత్వమయ్యా?
పసుపు పెట్టు, చాలు."
పెట్టాను.

నెల తర్వాత కొత్త బొమ్మ దిగింది.
పచ్చ లేదు, పచ్చ ఉండేదన్న గుర్తూ లేదు.
పసుపు నడుమ ఒకే ఒక్క గడి నల్లగా,
ఇటు పది మీటర్లు, అటు పది మీటర్లు.
మిషను దాన్ని నల్లరేగడి అని చదివింది.

నాకు తెలుసు అదేమిటో.
ఉపగ్రహం మా మీదుగా పోయేది పొద్దున పదిన్నరకు.
ఆపాటికే ఎండ ముదిరి ఉంటుంది.
ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి
ముద్దలా నిలబడ్డ నల్ల గొర్రెలు,
అంచున గొంగడి ముసుగేసుకుని కూర్చున్న మనిషి.

తప్పు దిద్దే బటను ఉంది.
దిద్దితే గడికి మూడు రూపాయలు ఇస్తారు.
వేలు దాని మీద పెట్టి, తీసేశాను.

రేగడి అని తేలిన నేలకు
నీటి వసతి కూడా నింపమని ఇంకో పేజీ తెరుచుకుంది.
గిలక బాయి అని రాశాను.
తాడు ఉంది అని కూడా రాశాను.
ఈసారి చోటు సరిపోయింది.